ఆగని రోబో, ఆగని నోరు

ఐలీ కాంగస్ నేను పని నేర్పే మా స్కూలు రోబో జట్టులో చేరిన మొదటి రోజు ఆమె చేతికి ఒక అల్యూమినియం కడ్డీ, ఒక ఆకురాయి ఇచ్చి అంచులు నున్నగా రాయమన్నాను. ఇరవై నిమిషాల తర్వాత వెళ్ళి చూస్తే కడ్డీ ఇచ్చినట్టే ఉంది.

"సాలో గారూ, మీరు కుంటుతున్నారేం?" అంది.

ఇంకో ఇరవై నిమిషాల్లో నా మోకాలి ఆపరేషన్ కథంతా ఆమెకు అప్పజెప్పాను. ఇనుప గని వర్క్‌షాపులో ముప్ఫై ఒక్క ఏళ్ళు లేత్ మెషీన్ ముందు నోరు మూసుకుని పనిచేసినవాణ్ణి. నా చేత అంత మాట్లాడించిన మనిషి అంతకు ముందు లేరు, మా ఆవిడతో సహా. కడ్డీ చివరికి నేనే రాసుకున్నాను.

అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్ళు. తండ్రి కౌంటీ రోడ్ల మీద మంచు తీసే బండి నడుపుతాడు. తల్లికి లాండ్రీ ఉంది. అక్కడ మెషీన్లలో బట్టలు తిరుగుతున్నంతసేపూ వచ్చినవాళ్ళ కబుర్లు వింటూ పెరిగిందీ పిల్ల. మా ఊళ్ళో ఎవరి కుక్క పేరేమిటో, ఎవరి ట్రక్కు ఎందుకు స్టార్ట్ కాదో ఆమెనే అడగాలి.

మా జట్టులో రెండు తెగలు: టెక్నికల్, నాన్ టెక్నికల్. పోటీకి బయల్దేరేటప్పుడు వ్యాను దగ్గర నిలబడి నేను అందరి చేతులూ చూస్తాను. గ్రీజు అంటినవాళ్ళకు ముందు సీట్లు. పోస్టర్లు రాసేవాళ్ళు, బ్యాడ్జీలు చేసేవాళ్ళు, చందాలకు ఉత్తరాలు రాసేవాళ్ళు వెనక, టూల్ పెట్టెల మధ్య. ఈ నియమం పెట్టింది నేనే. చాలా న్యాయంగా ఉందని కూడా అనుకునేవాణ్ణి. ఐలీ నాలుగేళ్ళూ వెనకే కూర్చుంది.

ఆమె నాలుగో ఏడు మార్చిలో పోటీకి ముప్ఫై ఎనిమిది జట్లు వచ్చాయి. శుక్రవారమంతా, శనివారం పొద్దున అందరూ ఆడతారు. తర్వాత పైనున్న ఎనిమిది జట్లు మిగతావాళ్ళలోంచి తలో ఇద్దరిని తోడు పిలుచుకుంటాయి. పిలుపు వచ్చినవాళ్ళు మధ్యాహ్నం ఆడతారు. రానివాళ్ళు ఇంటినుంచి తెచ్చుకున్న పేస్టీలు, అంటే మాంసం, ఉల్లిపాయ కూరిన పెద్ద కజ్జికాయల్లాంటివి, తిని వ్యాను ఎక్కుతారు. మేం ఏడేళ్ళుగా పేస్టీలు తింటున్నాం. ఐలీకి స్కూల్లో ఇదే ఆఖరి ఏడు. ఒక్క శనివారం మధ్యాహ్నమైనా మా రోబో ఆడగా చూడాలని ఆమె కోరిక. నాలుగేళ్ళలో ఆమె నోట వెయ్యిసార్లు విన్నాను.

ఆటలో పక్షానికి మూడు రోబోలు బంతులు వేస్తాయి; చివర్లో రోబో కమ్మీ పట్టుకుని పైకి వేలాడితే ఎక్కువ పాయింట్లు. అందుకోసం మా కెప్టెన్, రోబోని రిమోట్‌తో నడిపే కోల్బీ ట్రెలోర్ ఆరు వారాలు కూర్చుని ఒక చెయ్యి తయారుచేశాడు. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. మా షెడ్డులో ఒకసారి ఎక్కింది కూడా. పోటీలో మాత్రం తొమ్మిది ఆటల్లో తొమ్మిదిసార్లూ కమ్మీని తాకి సిగ్గుపడ్డట్టు వెనక్కి వచ్చేసింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, కమ్మీ మరీ నున్నగా ఉందని మావాళ్ళు తేల్చారు.

శుక్రవారం సాయంత్రం మొదటి స్థానంలో ఉన్న జట్టు నుంచి ఒక పొడుగమ్మాయి నోటుబుక్కుతో మా బల్ల దగ్గరికి వచ్చింది.

"మీది ఎక్కుతుందా?"

"రేపు ఎక్కుతుంది," అన్నాడు కోల్బీ ఛాతీ విరిచి.

"ఎక్కదు," అంది ఐలీ. "తొమ్మిదిసార్లు చూశాం. బ్యాడ్జీ తీసుకుంటావా?"

ఆ పిల్ల అటు వెళ్ళిందో లేదో కోల్బీ పానా బల్ల మీద విసిరికొట్టాడు. "ఎవరి పక్షం నువ్వు? ఒక్క స్క్రూ బిగించిన మొహం కాదు గానీ!"

నేనూ తక్కువ తినలేదు. "ఇంటిగుట్టు బయటపెడతావా? నిన్ను బ్యాడ్జీలు పంచమన్నామా, పరువు పంచమన్నామా?" అని అరిచాను.

ఐలీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కానీ నోరు ఆగలేదు. "గ్యాలరీలో కూర్చుని వాళ్ళూ చూశారు సాలో గారూ. ఇందులో అబద్ధమాడితే మన రెండో మాట ఎవరు నమ్ముతారు?"

"ఏమిటా రెండో మాట?"

తను అన్ని ఆటలూ చూసి రాసుకున్న పుస్తకం తెరిచి నా ముందు పెట్టింది. ఎవరు ఎన్ని బంతులు వేసిందీ, ఎవరు ఎక్కిందీ అన్ని జట్లూ రాసుకుంటాయి. ఐలీ ఇంకో గడి గీసుకుంది: మధ్యలో ఆగిపోయాయా? పైనున్న ఎనిమిదింటిలో అయిదు కనీసం ఒకసారి మైదానంలో చచ్చిపడ్డాయి. మా రోబో ఒక్కసారీ ఆగలేదు. ఆగనిదాన్ని ఎవరు చూస్తారు? దాన్ని తయారుచేసిన మేమే చూడలేదు. ఆ మాట చెప్పడానికే, మర్నాడు పొద్దున్నే ఆ పుస్తకం చంకన పెట్టుకుని ఎనిమిది జట్ల బల్లల చుట్టూ తిరిగింది.

మాకింక ఒక్క ఆటే మిగిలింది. ఎదుటి పక్షంలో అందరికంటే ఎక్కువ బంతులు వేసే ఆకుపచ్చ రోబో ఉంది. కోల్బీ పొద్దుటినుంచీ ఐలీతో ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆటకు పిలుపు వచ్చాక, నేలవైపు చూస్తూ అడిగాడు.

"సరే, నువ్వే చెప్పు. ఏం చెయ్యమంటావ్?"

"ఆ చెయ్యి జోలికి పోకు. ఆకుపచ్చది బంతి తీసుకున్నాక ప్రతిసారీ ఎడమకే తిరుగుతుంది. వెళ్ళి ఆ ఎడమ పక్కన అడ్డంగా నిలబడు."

వాడు నిలబడ్డాడు. బాకీ వసూలుకు వచ్చినవాడిలా కదలకుండా నిలబడ్డాడు. ఆకుపచ్చది రెండు బంతులే వెయ్యగలిగింది.

పిలుపుల వేళకు ప్రతి జట్టు తరఫునా ఒకరు మైదానంలో నిలబడాలి. మా తరఫున ఎప్పుడూ కెప్టెనే వెళ్తాడు. కోల్బీ మాత్రం ఐలీని ముందుకు తోశాడు. "నువ్వెళ్ళు. అక్కడ మాట్లాడాలి, నాకు చేతకాదు."

మొదటి చుట్టులో ఎనిమిది పేర్లు పిలిచారు. మా పేరు లేదు. రెండో చుట్టులో ఏడు పిలిచారు, లేదు. నేను పేస్టీల పెట్టె మూత తీశాను. రెండో చుట్టు కింది స్థానం నుంచి పైకి వస్తుంది కాబట్టి ఆఖరి పిలుపు మొదటి స్థానం వాళ్ళది. ఆ పొడుగమ్మాయి మైకు తీసుకుంది.

"ఎక్కేవాళ్ళం మేం ఇద్దరం ఉన్నాం. మాకు ఆగిపోని రోబో కావాలి," అని మా జట్టు నంబరు చదివింది.

ఐలీ చేతికి మైకు ఇచ్చారు. ఒప్పుకుంటున్నాం అంటే చాలు. ఆమె నోరు తెరిచింది. మాట రాలేదు. జిమ్ అంతా చూస్తోంది. ఏడు సెకన్లు లెక్కపెట్టాను.

గ్యాలరీలోంచి కోల్బీ లేచి గట్టిగా అరిచాడు. "ఐలీ! వాళ్ళ కుక్క పేరు అడుగు!"

ఆమె నవ్వింది. నవ్వుతూ ఏడుస్తూ ఒప్పుకుంటున్నామంది. నా కళ్ళూ తడిశాయి. పేస్టీలో ఉల్లిపాయ అన్నాను, ఎవరూ నమ్మలేదు.

మధ్యాహ్నమంతా ఆడాం. ఫైనల్లో మూడు పాయింట్లతో ఓడిపోయాం. రోబో మాత్రం ఆగలేదు.

వ్యాను దగ్గర నేను ఎవరి చేతులూ చూడలేదు. ఐలీకి ముందు సీటు చూపించాను.

"వద్దు సాలో గారూ, అక్కడ కూర్చుంటే మోకాలి కథ మళ్ళీ వినాలి," అని వెనక్కి వెళ్ళి టూల్ పెట్టెల మధ్య కూర్చుంది. ఆమె వెనకే కోల్బీ వెళ్ళాడు. వాడి వెనకే గ్రీజు చేతులవాళ్ళందరూ ఒకరి మీద ఒకరు పడుతూ వెళ్ళి ఇరుక్కున్నారు. ముందు సీట్లన్నీ ఖాళీ. రెండు వందల మైళ్ళు వెనకనుంచి నవ్వులు వింటూ ఒక్కణ్ణే బండి నడుపుకుంటూ వచ్చాను.