కరెంటు కలిపిన సీరియళ్లు

మా బూర్గంపాడులో ఆ రోజుల్లో కరెంటుకి సిగ్గూ శరం ఉండేవి కావు. పక్కింటివాళ్ల టీవీలో రాజుగారు సరిగ్గా కత్తి దూసేవేళకి ఠపీమని పోయేది. తిరిగొచ్చేసరికి వ్యవసాయ కార్యక్రమం నడుస్తుండేది. ఆ కత్తికి ఎవరు బలయ్యారో తెలిసేది కాదు. చూసినా ఆ హిందీ ఎవరికర్థమైంది గనుక!

తెగిన ముక్కలన్నీ నేనే అతికించేదాన్ని, మా నాయన కోసం. ఆయనది బొగ్గుబాయిలో పని. అక్కడ క్వార్టర్ దొరక్క తోటివాళ్లతో ఒక గదిలో ఉంటూ, వారపు సెలవుకు ఒక్క పూట ఇంటికొచ్చేవాడు. అన్నం తిని నులకమంచం మీద వాలగానే, ఈ వారం సీరియళ్లలో ఏమైందని అడిగేవాడు. ఇక నా నోటికి అడ్డేముంది? యుద్ధానికి బయల్దేరిన రాజుకి వ్యవసాయాధికారి ఎదురొచ్చి, మిరపతోటకు ఏ మందు కొట్టాలో చెప్పేవాడు. రాణిగారి హారం పోతే వేరే సీరియల్లోని డిటెక్టివు గోదావరి దాటొచ్చి, వార్తలు చదివే ఆమెను అనుమానించేవాడు. దీనికి కోతలు కోయడం తప్ప పని లేదని అమ్మ వంటింట్లోంచి తిట్టేది. నాయన మాత్రం ఊఁ కొట్టేవాడు. మిరప మందు దగ్గర ఎదురు ప్రశ్నలు కూడా వేసేవాడు.

కథ అయిపోతే మళ్లీ వారం రాడేమోనని నా భయం. అందుకే ఎప్పుడూ ముగించలేదు. బస్సు టైమైందని లేస్తే చొక్కా పట్టుకుని, ఇంకో సీరియల్ తెచ్చి ముడేసేదాన్ని. ఒకసారి అట్లాగే బస్సు తప్పిపోయింది. ఆయనకు ఒక రోజు డ్యూటీ పోయింది, నాకు పండగైంది.

నాయన పోయాక, దినాలకు ఆయన గదిలో ఉండే మిత్రుడొకాయన వచ్చాడు. సీరియళ్ల బిడ్డవు నువ్వేనా అని నన్ను పోల్చుకున్నాడు. బాయి దగ్గర కార్మికుల క్లబ్బులో టీవీ ఉండేదట, కరెంటు పోయేదే కాదట. అన్నీ అక్కడ చూసొచ్చే నా కోతలు విన్నాడా అని అడిగాను.

"లేదు బిడ్డా. సీరియల్ సురువు కాంగనే మీ నాయన లేసి బయటికి పోయేటోడు. ఏందిరా అంటే, మా బిడ్డ చెప్తది, ఇప్పుడు చూస్తే ఆ కథ ఖరాబైతది అనేటోడు."

అంతమంది మధ్యే కూర్చుని ఏడ్చాను. లోపల అందరూ టీవీ చూస్తుంటే ఆయనొక్కడూ బయట ఏం చేసేవాడో అడగాలనిపించింది. అడగాల్సింది ఆయన్నే.