పెట్టె మందం

డేటా సెంటర్‌లో ఏది ఆగిపోయినా చివరికి ఒక మనిషి పేరు దొరకాలి. అది అక్కడి ఆచారం. ఎందుకు ఆగిందో రాసే ఫారంలో కారణం అని ఒక గడి ఉంటుంది. నొక్కితే మూడే మూడు జవాబులు కనిపిస్తాయి: కరెంటు, పరికరం, మానవ తప్పిదం. కరెంటుకూ పరికరానికీ పోయేదేమీ లేదు. మూడోది పడిన మనిషికి మాత్రం నెట్‌వర్క్ స్విచ్‌ల మీద లాగిన్ తీసేసి, ఫోన్లెత్తి ఫిర్యాదులు రాసుకునే బల్ల దగ్గర కూర్చోబెడతారు. ఆ బల్ల దగ్గర మొదలై ఈ లాగిన్ దాకా రావడానికి నాకు పదకొండేళ్లు పట్టింది. అట్లాంటిది, ఆ గడిలో నా పేరు రాసి సంతకం పెట్టమన్నారు. పెట్టనన్నాను.

వికారాబాద్‌లో మా ఇల్లు స్టేషన్‌కు పది నిమిషాల నడక. వారానికి రెండు రోజులు పొద్దున్నే రైలెక్కి హైదరాబాద్ వైపు డేటా సెంటర్‌కు పోయేదాన్ని. మిగతా రోజులు మేడ మీద గదిలో, ఒక పక్క ఇన్వర్టర్, ఒక పక్క ఆరేసిన బట్టలు, నడుమ నేను. ఏం పని చేస్తావని చుట్టాలడిగితే కంప్యూటర్ పని అని తప్పించుకునేదాన్ని. ఇక్కడ తప్పించుకుంటే కథే అర్థం కాదు కనుక చెబుతాను.

ఒక డేటా సెంటర్‌లో ఎందరో కస్టమర్ల మెషిన్లు అవే స్విచ్‌ల మీద నడుస్తుంటాయి. ఒకరి మాట ఇంకొకరికి వినపడకూడదు. అదే సమయంలో ఒక కస్టమర్ మెషిన్ ఈ హాల్లో ఒకటి, పక్క హాల్లో ఒకటి ఉంటే, అవి రెండూ ఒకే గదిలో ఉన్నట్టు మాట్లాడుకోవాలి. ఆ ఏర్పాటునే ఈవీపీఎన్ అంటాం. ఏ మెషిన్ ఏ స్విచ్ వెనక ఉందో స్విచ్‌లు ఒకదానికొకటి ముందే చెప్పుకుంటాయి. ఆ తర్వాత ఒక మెషిన్ పంపిన డేటా మూటను ఇవతలి స్విచ్ అందుకుని, ఒక పెట్టెలో పెట్టి, పైన కస్టమర్ నంబరు వేసి, నడిమి దారి మీదుగా అవతలి స్విచ్‌కు పంపుతుంది. అది పెట్టె విప్పి మూటను దాని ఇంటికి చేరుస్తుంది.

అయితే పెట్టెకూ మందం ఉంటుంది. మూట పదిహేను వందల బైట్లయితే పెట్టెతో కలిపి ఇంకో యాభై పెరుగుతుంది. నడిమి దారి దానికి తగ్గట్టు వెడల్పుగా ఉండాలి. మామూలుగా తొమ్మిది వేల పైచిలుకు పెట్టి నిశ్చింతగా ఉంటాం. రెండో హాలు కోసం వచ్చిన డాక్యుమెంట్‌లో మాత్రం నడిమి దారికి కూడా పదిహేను వందలే అని ఉంది. ఏదో ఆఫీసు నెట్‌వర్క్ కాగితంలోంచి ఎత్తి ఇందులో అతికించారు. మూట పడుతుంది, పెట్టె పట్టదు. పట్టని పెట్టెను దారిలో పడేస్తారు. పడేసినట్టు ఎవరికీ కబురు కూడా రాదు.

పని ఆదివారం, గురువారం నాడే చెప్పాను. డాక్యుమెంట్ రాసిన పెద్దాయనను మేమంతా డిజైన్ సార్ అంటాం. ఆయనకు మెయిల్ పెట్టి, జవాబు రాకపోతే ఫోన్ చేశాను.

"ల్యాబ్‌లో పింగ్ అవతలికి పోయింది కదమ్మా" అన్నాడు. పింగ్ అంటే అవతలి మెషిన్ అందుతోందా అని చూడటానికి పంపే పలకరింపు.

"చిన్న మూటతో పింగ్ చేస్తే పోతుంది సార్. పెద్దది పంపి చూశారా?"

"చూడమ్మా, ఆమోదం అయిపోయింది. ఉన్నదున్నట్టు టైపు చెయ్యి. డిజైన్ నీ పని కాదు."

మా దగ్గర అదొక నియమం. ఆమోదం పొందిన డాక్యుమెంట్‌లో ఏముందో అదే, అక్షరం మారకుండా స్విచ్‌లలో టైపు చేయాలి. సొంత తెలివి వాడితే అది వేరే నేరం. ఆదివారం మధ్యాహ్నం, కస్టమర్లకు పని తక్కువుండే వేళ చూసి, నేను ఒక్కో వరుస టైపు చేశాను. పదిహేను వందల దగ్గర ఒక్క క్షణం ఆగాను. తర్వాత అది కూడా టైపు చేశాను. తెర మీద అన్నీ పచ్చగా వెలిగాయి. కాల్‌లో అందరూ శభాష్ అన్నారు.

ఆ హాల్లో ఉన్న కస్టమర్లలో ఒకరు ఆసుపత్రుల స్కాన్ బొమ్మలు దాచిపెట్టే వాళ్లు. సోమవారం పొద్దున డాక్టర్లు కూర్చునేసరికి రోగి పేరు వస్తోంది, వయసు వస్తోంది, బొమ్మ రావట్లేదు. పేరు చిన్న మూట, బొమ్మ పెద్ద మూట. నాకు ఫోన్ వచ్చినప్పుడు నేను పోపు వేస్తున్నాను. పొయ్యి కట్టేసి మేడెక్కి, పెద్ద మూటతో పింగ్ చేసి, అది చచ్చిపోవడం అందరికీ చూపించాను. అంకె మార్చడానికి అత్యవసర అనుమతి దొరికేసరికి ఇంకో గంట. అంత సేపూ ఎవరెవరు ఏ ఆసుపత్రి బల్లల మీద కూర్చుని బొమ్మ కోసం ఎదురుచూశారో నాకు తెలియదు. తెలియకపోవడం వల్ల ఆ బాధేమీ తగ్గలేదు.

మంగళవారం మేనేజర్ ఫారం పంపాడు. కారణం గడిలో మానవ తప్పిదం అని ముందే పెట్టి ఉంది. పక్కన నా పేరు. కింద నేను సంతకం చేయాల్సిన చోటు ఖాళీ.

"డాక్యుమెంట్ తప్పంటే కస్టమర్ డిజైన్ మొత్తం తవ్వుతాడమ్మా. ఒక ఇంజనీరు పొరబడిందంటే, శిక్షణ ఇచ్చాం అని చెప్పి మూసేయొచ్చు. సారీ అని ఒక్క ముక్క రాయి. లాగిన్ సంగతి నేను చూసుకుంటా, రెండు మూడు నెలల్లో తెప్పిస్తా" అన్నాడు.

మానవ తప్పిదమట! డాక్యుమెంట్ రాసినాయన మానవుడు కాదా, దేవుడా? ఆ మాట పైకి అనకుండానే, ఆలోచించి చెబుతానని ఫోన్ పెట్టేశాను.

మరునాడు తాండూరు పోయాను, మా నాయన దగ్గరికి. మా తాత గొర్లు కాసినవాడు, నాయన రంపం పట్టాడు. చాలా ఏళ్లు ఒక బండల పాలిష్ యూనిట్‌లో పెట్టెలు కొట్టే పని చేశాడు. నున్నగా చేసిన బండలు దూరదేశం పోవాలంటే చెక్క పెట్టెల్లో బిగించాలి, ఆ పెట్టెలు. ఇప్పుడు సొంత దుకాణంలో తలుపులూ మంచాలూ చేస్తున్నాడు. నేను పోయేసరికి ఒక ముసలాయనతో కన్నడంలో తలుపు బేరం నడుస్తోంది. అది తెగేదాకా స్టూలు మీద కూర్చున్నాను.

అంతా విని నాయన అన్నాడు, "తప్పైందని రాసియ్యి బిడ్డా. ఒక్క మాటతోని పోతది. నేను సేట్‌కు జెప్పలేదా? నౌకరి నిలవడ్డది."

ఆయన కథ నాకు తెలుసు. తాండూరులో సగం మందికి తెలుసు. ఒకసారి నాయన కొట్టిన పెట్టెలు కంటైనర్‌లో రెండు వరుసలు పట్టలేదు, రెండు అంగుళాలు ఎక్కువయ్యాయి. బండలన్నీ విప్పి మళ్లీ బిగించాల్సి వచ్చింది. అప్పటి నుంచి ఆయన పేరు రెండించుల మేస్త్రి. బడిలో నన్ను రెండించుల బిడ్డ అనేవాళ్లు. ఒకడి పలక పగలగొట్టాను ఆ మాటకు.

"నువ్వు తప్పు చేసినవ్, తప్పైందన్నవ్. నాది గట్ల కాదు నాయినా" అన్నాను.

చిత్రిక పట్టే చెయ్యి ఆగింది. "నాది తప్పని నీకెవలు జెప్పిన్రు?"

చిత్రిక పక్కన పెట్టి నా వైపు తిరిగాడు.

"లెక్కలు రాసే మునీమ్‌కు ముందుగాలనే జెప్పిన. బండల కొలత రాసినవ్, చెక్క మందం లెక్కల వట్టలేదు, రెండు వరసలు వట్టయి అని. కాయితంల ఎట్లుంటె గట్ల గొట్టు, నీకెందుకు అన్నడు. గొట్టిన. కంటైనరొచ్చినంక అందరు నా మీద వడ్డరు."

ముప్పై ఏళ్లు ఆ పేరు మోసిన మనిషి ఈ ముక్క ఇంట్లో ఒక్కరికీ చెప్పలేదు. నాకు ఆయన మీద జాలి రాలేదు, కోపం వచ్చింది. దుకాణం అదిరేలా అరిచాను. "ఎరికుండి ఎందుకు జేసినవ్ మరి?"

"నువ్వెందుకు జేసినవ్?" అన్నాడు నాయన.

వెక్కిరించడానికి అన్నది కాదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. ఆయనకు ఆ జవాబు ఎప్పుడూ దొరికి ఉండదు. నాకైతే ఉద్యోగం, నియమం, ఆమోదం అని ఏవో నోటిదాకా వచ్చాయి, అన్నీ మునీమ్ మాటల్లాగే వినిపించాయి. చాయ్ తెప్పించాడు, తాగి స్టేషన్‌కు వచ్చేశాను.

తిరుగు రైల్లో కూర్చుని ఫారంలో వివరణ గడి నింపాను. నాలుగు వాక్యాలు. డాక్యుమెంట్‌లో ఉన్నదే టైపు చేశాను. అది తప్పని మూడు రోజుల ముందే రాతపూర్వకంగా చెప్పాను. తప్పని తెలిసీ టైపు చేశాను, ఆ భాగం నాది. ఇకముందు తప్పని తెలిసినది టైపు చేయను. సంతకం గడి ఖాళీగానే వదిలి పంపించాను.

మేనేజర్ నిమిషాల్లో ఫోన్ చేశాడు. నాలుగు వాక్యాలూ తీసేయమన్నాడు. కుదరదన్నాను. నాలుగోది మాత్రమైనా తీసేయమన్నాడు. అదే అన్నింటికన్నా ముఖ్యమన్నాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఇంట్లో వాళ్లూ అన్నారు, అప్పుడే ఊరుకుంటే పోయేది కదా అని. ఊరుకున్నందుకే కదా అడుసు తొక్కింది! మానవ తప్పిదమని పెట్టాక సంతకం లేకుండా ఫారం మూయడానికి లేదు, ఫారం మూయకుండా లాగిన్ తీయడానికి లేదు. వాళ్ల నియమాలే వాళ్ల కాళ్లకు అడ్డం పడ్డాయి. నెలన్నర అది తెరిచే ఉంది. మింగలేక కక్కలేక వాళ్లు, రోజూ పొద్దున లాగిన్ పనిచేస్తుందో లేదో చూసుకుంటూ నేను.

ఇంతలో మూడో హాలు వంతు వచ్చింది. డాక్యుమెంట్ తెరిచి సూటిగా ఆ వరుస దగ్గరికి పోయాను. పదిహేను వందలు. ఎవరూ ముట్టుకోలేదు. మారిస్తే అది ఇదివరకు తప్పుగా ఉందని ఒప్పుకున్నట్టు అవుతుందని అట్లాగే ఉంచారు. అక్కడికొచ్చేసరికి ఆ అమ్మాయే చూసుకుంటుందిలే అనుకున్నట్టున్నారు. చెప్పకుండా మార్చి టైపు చేస్తే పని జరిగిపోతుంది, ఏదైనా తేడా వస్తే నియమం తప్పానని నా మెడకే చుట్టొచ్చు. మళ్లీ మెయిల్ పెట్టాను. జవాబు లేదు.

ఆదివారం మధ్యాహ్నం కాల్‌లో ఇరవై మంది. కస్టమర్ వైపు మనుషులు కూడా ఉన్నారు. ఒక్కో వరుస చదువుతూ టైపు చేస్తూ పోయాను. ఆ వరుస వచ్చింది. కీబోర్డు మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాను. ధైర్యంగా ఉన్నానని చెబితే అబద్ధం.

"ఈ వరుస నేను టైపు చేయను సార్" అన్నాను. "ఇది తప్పు. రెండో హాల్లో ఇదే అంకెకు స్కాన్‌లు ఆగాయి."

డిజైన్ సార్ గొంతు సవరించుకున్నాడు. "సరే, నీకు కావలసిన అంకె పెట్టుకో."

"నాకు కావలసింది కాదు సార్. డాక్యుమెంట్‌లో మీరు మార్చండి. మార్చాక చేస్తాను."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. కాదంటే ఇదే అంకె ఎవరైనా టైపు చేయొచ్చు, కాల్‌లో తమ పేరు చెప్పి చేయమనండి."

ఇరవై మందిలో ఒక్కరి మైకు కూడా తెరుచుకోలేదు. ఎవరి ఇంట్లోనో కుక్కర్ కూత వినిపించింది. అప్పుడు కస్టమర్ వైపు నుంచి ఒకాయన నెమ్మదిగా అడిగాడు, రెండో హాలు సంగతి ఈ అంకె వల్లనేనా అని. అవునండీ అన్నాను నేను. పావుగంట తర్వాత డాక్యుమెంట్‌లో అంకె మారింది. మార్చిన వారు అన్న చోట డిజైన్ సార్ పేరు పడింది. టైపు చేశాను. పెద్ద మూటతో పింగ్ చేశాను, అవతలికి చేరింది. ఆ హాలు ఆ రోజు నుంచి ఒక్కసారి కూడా మొరాయించలేదని తర్వాత విన్నాను.

సోమవారం పొద్దున లాగిన్ పనిచేయలేదు. డాక్యుమెంట్ ప్రకారం పనిచేయడానికి నిరాకరించడం అని రాశారట, ఆ నేరానికి ఫారం అక్కర్లేదట. అది నిజమే, దానికైతే సంతకం పెట్టేదాన్ని, అడగలేదు. రెండో హాలు ఫారం కూడా అదే రోజు మూసేశారు. కారణం గడిలో ఏం పెట్టారో తెలుసా? పరికరం. దానికెవరి సంతకమూ అక్కర్లేదు. పాపం స్విచ్! దానికి నోరు లేదు.

మధ్యాహ్నం మేనేజర్ ఫోన్ చేశాడు. తిట్టలేదు, నిజంగానే బాధపడ్డాడు. ఎంత చెప్పినా వినలేదు, ఒక్క సారీతో నిలబడేది, పదకొండేళ్ల కష్టం చేతులారా పోగొట్టుకున్నావు అన్నాడు. ఆయనతో ఎప్పుడూ పుస్తకాల తెలుగే మాట్లాడేదాన్ని. ఆ రోజు మాత్రం మా నాయన భాషే వచ్చింది నోటికి.

"లాగిన్ మీది సార్, తీస్కోండ్రి. చేతులు నావి."