ఇనుప మూకుడులో పులుసు

కాకినాడలో ఎముకల డాక్టరుగారు మా ఆవిడ మోకాళ్ళను చూడడానికి ఎక్కువ సమయం తీసుకోలేదు. ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి, కుడి మోకాలు మార్చక తప్పదని తేల్చేశారు. రక్తపరీక్ష కాగితం దగ్గర మాత్రం ఆగిపోయారు. హిమోగ్లోబిన్ 9.1 ఉంది. కనీసం 11 ఉంటే తప్ప ఆపరేషన్ చేయననీ, ఆ అంకె వచ్చిన రోజున తారీఖు ఇస్తాననీ చెప్పారు.

నాకు ఆ పద్ధతి నచ్చింది. “రక్తం కాస్త తక్కువగా ఉంది, బలమైన తిండి పెట్టండి” అని పంపించి ఉంటే ఏమి చేయాలో నాకు పాలుపోయేది కాదు. ఉద్యోగ జీవితమంతా భూములు కొలిచినవాణ్ణి. అడవిపొలంలోనూ కనకాలపేటలోనూ గట్టు తగాదాలకు వెళ్ళినప్పుడు ఇరుపక్షాలు చెప్పే కథలన్నీ ఓపికగా విని, చివరకు కొలత గొలుసు చెప్పినదే కాగితం మీద పెట్టేవాణ్ణి. ఇప్పుడు కొలవవలసిన దూరం 1.9. అది భాద్రపద మాసం.

ఆమె లెక్క వేరు. ఏటా కార్తీకం ముగిసిన మరునాడు, పోలి పాడ్యమి తెల్లవారుజామున, మా ఊరి ఆడవాళ్ళందరూ అరటి దొప్పల్లో దీపాలు పెట్టి గోదావరిలో వదులుతారు. మోకాలు మొండికేసిన నాటినుంచి ఆమె రేవు మెట్లు దిగలేకపోయింది. వరండాలో ఇత్తడి పళ్ళెం నిండా నీళ్ళు పోసి, అందులోనే దొప్పను వదిలేది. పళ్ళెంలో దీపం ఎక్కడికీ పోదు. అంచుకు తగిలి అక్కడే నిలబడుతుంది. “ఇది దీపం వదలడం కాదండి, నానబెట్టడం,” అని ఆమె నవ్వుతూనే అన్నది కాని, ఆ నవ్వు నాకు బాగా గుర్తుండిపోయింది. పై ఏడాదికైనా ఆమెను రేవు మెట్లు దింపాలి. దానికి మోకాలు కావాలి. మోకాలికి 11 కావాలి.

యానాంలో మేము ఎప్పుడూ చూపించుకునే డాక్టరమ్మ ముందు మిగతా పరీక్షలు చేయించి, లోపల ఎక్కడా రక్తం పోవడం లేదని నిర్ధారించుకున్నారు. ఇనుము తక్కువైందని చెప్పి మాత్రలు రాశారు. తిండిలో ఆకుకూరలు పెంచమన్నారు, వీలైతే ఇనుప పాత్రలో వండుకోమన్నారు. మాత్రలు వారం కూడా సాగలేదు. వేసుకున్న పూటల్లా కడుపులో మంట, వాంతులు. ఆమె వాటిని తీసి గూట్లో పెట్టేసింది. ఇక మిగిలింది వంటిల్లు.

మంగళవారం సంతలో ఇనుప సామాను అమ్మే చోటుకు వెళ్ళి, ఒక మూకుడు చేతికి తీసుకున్నాను. ఫ్రిజ్ తలుపుకు అంటించే అయస్కాంతాన్ని జేబులో తెచ్చుకున్నాను. దాన్ని మూకుడు అడుగున పెట్టి చూశాను.

“అయస్కాంతం ఏటండి బాబూ, నేనేవన్నా దొంగసరుకు అమ్ముతున్నానా?” అన్నాడు అమ్మేవాడు.

“ఇనుమైతే పట్టుకుంటుంది. పట్టుకుంటే కొంటాను.”

“పట్టుకుందిగా! ఇంక దాన్నొదిలించి డబ్బులిచ్చేయండి మరి.”

మూకుడుతో ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ వంటింట్లో ఎత్తు స్టూలు మీద కూర్చుని ఉంది. నిలబడలేక ఆ స్టూలు మీదనుంచే పొయ్యి చూసుకునేది. మూకుడును అటూ ఇటూ తిప్పి చూసింది.

“కొన్నారు, బానే ఉంది. వండేదెవరు?”

“నేను.”

“ఆయ్, బాగుంది. కొలిచి వండుతారా, వండి కొలుస్తారా?”

కొలిచే వండాను. ముందు ఆమె చెప్పిన ప్రకారం మూకుడులో గంజి పోసి కాచాను. తోమి, నూనె రాసి, పొగ వచ్చేదాకా వేడి చేశాను. ఆ పని మళ్ళీ మళ్ళీ చేసేసరికి లోపలి భాగం నల్లగా, నున్నగా, అద్దంలా తయారైంది. దోసె వేసినా అంటుకోనంత నునుపు. నా సర్వీసులో ఏ నక్షానూ అంత శుభ్రంగా గీసిన జ్ఞాపకం లేదు. ఆ మూకుడులోనే తోటకూర వేపుడు, మునగాకు కారం, పెసరపప్పు వేసిన పాలకూర వండాను. ఉప్పు ఎక్కువైన పూట ఆమె మజ్జిగ గ్లాసు దగ్గరకు జరుపుకునేది. వారానికి ఒకసారి మేక కాలేయం కూడా వేయించాను. భోజనం కాగానే ఆమె వరండాలో కూర్చుని, పెళ్ళైన నాటినుంచీ ఉన్న అలవాటు ప్రకారం, చిక్కటి టీ తాగేది.

నెల తిరిగాక మళ్ళీ రక్తం ఇచ్చాము. కాగితం మీద 9.3 అని ఉంది.

పరీక్ష చేసిన కుర్రవాణ్ణి అడిగాను, ఇది పెరిగినట్టేనా అని. “పాయింటు రెండు, మూడు అటూ ఇటూ అవుద్దండి. అదే రక్తం మళ్ళీ పెట్టినా కాస్త తేడా చూపిద్ది,” అన్నాడు. అంటే నా నెల వంటకు ఫలితం సున్నా. గొలుసు సాగడం వల్ల వచ్చిన తేడాను భూమి పెరిగినట్టు రాసుకునే సర్వేయరును కాను నేను.

ఆ సాయంత్రం చిరాకుగా వంటింట్లోకి వెళ్ళి, చేతికి దొరికిన టమాటాలు కోసి మూకుడులో వేశాను. స్టూలు మీదనుంచి కేక వినిపించింది.

“అయ్యయ్యో, అందులో టమాటా ఏంటండీ! పులుపు తగిల్తే ఇనుం దిగుద్ది. కూరంతా నల్లగా అయిపోద్ది. మా అమ్మ చూస్తే గరిటె పుచ్చుకునేది!”

నేను గరిటె ఆపాను. “ఏమన్నావు?”

“నల్లగా అయిపోద్దన్నాను.”

“దానికి ముందు.”

“ఇనుం దిగుద్దన్నాను. ఏం?”

ఇద్దరమూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. ఆమె నోటిమీద చెయ్యి వేసుకుంది. మా వైపు ఇళ్ళలో ఇది పొయ్యి ముట్టించడమంత మామూలు విషయం. ఇనుప మూకుడు వేపుళ్ళకు, బూరెలకు. పులుసు మట్టి దాకలోనే పెట్టాలి, లేదంటే సత్తు గిన్నెలో. ఇనుములో పులుసు పెడితే అది పాడైనట్టే లెక్క. ఇనుము కూరలోకి రాకూడదన్న ఆ నియమాన్ని ఆమె నలభై ఏళ్ళుగా తప్పకుండా పాటించింది. ఇనుము కావాలని మూకుడు కొన్న నేనూ అదే నియమాన్ని పాటించాను. పైగా దాని లోపల నూనె పొరతో గోడ కట్టాను.

మరునాడు డాక్టరమ్మను అడిగితే ఆవిడ నవ్వేశారు. “ఆ నలుపే కదండి మీకు కావాల్సింది. పులుసు అందులోనే పెట్టండి. ఉడికాక వేరే గిన్నెలోకి తీసేయండి, రాత్రంతా ఉంచొద్దు.” ఆ తరువాత మా ఆవిడవైపు తిరిగి, అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఒంటికి పట్టవలసిన ఇనుమును అది అడ్డుకుంటుందనీ, గంట దాటాకే తాగాలనీ చెప్పారు. మాత్ర మార్చి, రోజు విడిచి రోజు వేసుకోమన్నారు. అదైనా మానవద్దని గట్టిగా హెచ్చరించారు.

టీ మాట విన్నప్పుడు మా ఆవిడ ముఖం చిన్నబోయింది. పులుసు మాటకు మాత్రం ఎర్రబడింది. ఇంటికి వచ్చాక నాతో తేల్చి చెప్పింది.

“మాత్ర మింగుతాను. టీ ఆపుకుంటాను. పులుసు జోలికి మాత్రం రాకండి. ఈ వీధిలో నా పులుసు తిన్నోళ్ళెవరూ వంక పెట్టలేదు. ఇప్పుడు తారు వడ్డించమంటారా?”

“నీకు పళ్ళెంలో దీపం చాలా, గోదావరి కావాలా?”

 ఆమె స్టూలు మీదకు చేరి చింతపండు నానబెట్టింది.

అంతలో కార్తీకం వచ్చింది. ఆ నెలంతా ఆమె నీచు ముట్టదు. చీరమేను అనే సన్న చేపపిల్లలు దొరికేది ఆ రోజుల్లోనే. ఫరంపేట వైపునుంచి బిందెల్లో పెట్టుకుని అమ్మకానికి వచ్చేవారు. నేను నోరు తెరవబోతే, “అడక్కండి,” అని ముందే అనేసింది. అడగలేదు. సోమవారం ఉపవాసాల దగ్గర మాత్రం నేను వదలలేదు. చాలాసేపు వాదించుకున్నాక, ఒక్క సోమవారం ఉంటాననీ, మిగతావి దేవుడు తన ఖాతాలో రాసుకుంటాడనీ ఒప్పుకుంది. ఇక ఆ నెల భారమంతా ఆకుకూరలూ పప్పులూ మూకుడూ మోయవలసి వచ్చింది. తోటకూర కాడల పులుసు, బెండకాయ పులుసు, చేమదుంపల పులుసు. మూకుడులో ఉడుకుతుంటే చింతపండు రసం మొదట గోధుమరంగులో ఉండి, క్రమంగా ముదిరి, దింపేవేళకు ఇంకు రంగుకు వచ్చేది. బెల్లం ముక్క వేస్తే ఇనుప వాసన కొంత తగ్గేది, అంతే. నేను రోజూ ఆ నలుపును చూసి సంతోషించేవాణ్ణి. ఆమె కళ్ళు మూసుకుని మొదటి ముద్ద తినేది.

ఆమె ఉపవాసం ఉన్న సోమవారం, చుక్క చూశాక భోజనానికి వాళ్ళ అక్కగారు వచ్చారు. మూత తీయగానే ఆవిడ వెనక్కి జరిగారు.

“ఇదేంటే, పులుసా? బొగ్గులు కడిగిన నీళ్ళా?”

“పులుసే అక్కా.”

“మరిదిగారు వండారా? భూములు కొలిచే చేత్తో కూరొండితే ఇలాగే ఉంటది. అమ్మ పరువు గోదాట్లో కలిపేశారు.”

 మా ఆవిడ గరిటె అందుకుని, తన విస్తరిలో ఒకసారి పోసుకుంది. కలుపుకుని తిని, మళ్ళీ పోసుకుంది.

“నేనే పెట్టాను. నీకొద్దంటే పప్పుంది, అది వేసుకో. ఇందులో నా మోకాలుంది.”

అక్కగారు తన విస్తరి ముందుకు జరిపి, “అయితే నాకూ ఒక గరిటెడు పొయ్యి. నాకూ రెండు మోకాళ్ళున్నాయి,” అన్నారు. భోజనం అయ్యాక టీ అడిగారు. “గంటాగు,” అంది మా ఆవిడ. అక్కాచెల్లెళ్ళు వరండాలో గోడ గడియారం కనిపించేలా కుర్చీలు వేసుకుని, టీ లేకుండా ఊరందరి సంగతులూ మాట్లాడుకున్నారు. ఆ రాత్రినుంచి ఆమె పులుసు తినేటప్పుడు కళ్ళు మూసుకోవడం మానేసింది.

పోలి పాడ్యమికి ఆ ఏడూ వరండాలోనే పళ్ళెం పెట్టుకుంది. ఆ వారంలోనే రక్తం ఇచ్చాము. 10.9.

జీవితంలో మొదటిసారి నాకు ఒక అంకెను సర్దేయాలనిపించింది. పాయింటు రెండు, మూడు అటూ ఇటూ అవుతుందని ఆ కుర్రవాడే అన్నాడు కదా. ఎవరైనా దీన్ని పదకొండనే అంటారు. కాకినాడ ఆసుపత్రికి ఫోను చేస్తే, డాక్టరుగారిని అడిగి చెబుతామన్నారు. సాయంత్రానికి, పరవాలేదు, తీసుకురావచ్చునన్నారు. ఆ మాట ఆమెకు చెప్పి, ప్రయాణానికి పెట్టె తీశాను.

“పెట్టె లోపల పెట్టేయండి,” అంది.

“డాక్టరుగారే పరవాలేదన్నారు.”

“ఆయన ముందు పదకొండన్నారు. నేను పదకొండుకే ఈ నల్ల పులుసు తాగాను. ఇప్పుడు కార్తీకం కూడా అయిపోయింది. చేపల పులుసు పెడతాను, అదీ ఈ మూకుడులోనే. పదిహేను రోజులాగండి. ఎవరి దయా లేకుండా వెళ్తాను.”

పెట్టెను తిరిగి లోపల పెట్టేశాను. అది నా వాదనే. మర్నాడు నేను తెచ్చిన చేపల మొప్పలు ఎత్తి చూసి, “ఇవి నిన్నటివి,” అని పెదవి విరిచింది. అయినా స్టూలు మీద కూర్చుని తానే పులుసు పెట్టింది. మార్గశిరం సగమయ్యేసరికి కాగితం మీద 11.4 వచ్చింది. పుష్యమాసంలో మోకాలి ఆపరేషన్ జరిగింది.

ఆ పెరుగుదలలో మూకుడు వాటా ఎంత, మాత్ర వాటా ఎంత, టీని గంట వెనక్కి జరపడం వాటా ఎంత అని నన్ను అడిగినవారున్నారు. నాకు తెలియదు. మూడింటినీ ఒకేసారి మార్చాము కనుక విడదీసి కొలవడం సాధ్యం కాదు. పద్ధతి ప్రకారం అది తప్పు. మళ్ళీ అవసరం వచ్చినా మూడింటినీ ఒకేసారే మారుస్తాను. మూకుడు లోపలి నునుపంతా పులుపుకు పోయింది. ఇప్పుడది బూడిదరంగులో, గరుకుగా ఉంది. దోసె వేస్తే అంటుకుంటుంది. దోసెలకు వేరే పెనం కొన్నాము.

ఈ ఏడు పోలి పాడ్యమినాడు చీకటితోనే రేవుకు వెళ్ళాము. ఆమె నా చెయ్యి పట్టుకోలేదు. ఇనుప కమ్మీ పట్టుకుని, ఒక్కొక్క మెట్టూ చూసుకుంటూ దిగింది. దొప్పను నీళ్ళమీద పెట్టి, అరచేత్తో నీటిని నెట్టింది. దీపం కదిలింది. మిగతా దీపాల్లో కలిసిపోయి, ఏది ఆమెదో తెలియకుండా పోయింది.

పైకి వచ్చాక ఇంటివైపు తిరగబోయాను.

“అటు కాదు, చేపల మార్కెట్టుకి,” అంది. “ఇవాళ్టినుంచి నీచు తినొచ్చు. మీరు సంచి పట్టుకోండి చాలు. మొప్పలు నేను చూస్తాను.”