ఊరు లేని ముద్ర

బీరువా తీయగానే కలరా ఉండల వాసనకి కంచరపాలెం అత్త గుర్తొచ్చింది. తమ్ముడూ, చిన్నప్పుడు మనమంతా స్టాంపులు నీళ్లలో నానబెట్టి ఊడదీసి కవర్లు పారేసేవాళ్లం, గుర్తుందా? అత్త మాత్రం యుద్ధకాలపు మిలిటరీ కవర్లు దాచేది. వాటి పోస్టాఫీసు ముద్రల్లో ఊరి పేరుండదు, నంబరే ఉంటుంది. ఆ నంబరు ఏ చోటిదో ఆరా తీయడమే అత్త సరదా.

ఒకసారి సరిహద్దులో యుద్ధం జరుగుతుండగా పక్కింటి జవాను తల్లి ఒక కవరు తెచ్చింది. "మావోడు ఏ ఊర్లో ఉన్నాడో సూడమ్మా."

అత్త భూతద్దం పెట్టి చూసింది. "ఊరు తెలీదు పిన్నీ. తారీకు పోయిన వారందే. అప్పటికి బాగానే ఉన్నాడు."

ఆవిడ వెళ్లాక నాతో అంది: "ఆ నంబరు యుద్ధం జరిగే కొండదే. సెప్తే తిండి మానేస్తాది."

కొడుకు తిరిగొచ్చాక ఆవిడే ఆ కవరు అత్త చేతిలో పెట్టింది. "ఆరోజు నీ మొకం సూసే తెల్సుకున్నాను. సెప్పనందుకే ఇది నీకు."