అక్క చేతిలోని లవంగ నూనె సీసా

బరంపురంలో పళ్ల డాక్టరు దగ్గర అక్కకు తోడుగా కూర్చున్నాను. లోపలి గదిలోంచి లవంగ నూనె వాసన రాగానే గంజాంలో మా మామ్మ వంటిల్లు గుర్తొచ్చింది.

అప్పుడు నాకు ఆరేళ్లు, అక్కకు పదిహేను. ఇద్దరికీ పళ్లు పుచ్చాయి. నొప్పి వస్తే మామ్మ చిన్న సీసా తీసి అక్క చేతికే ఇచ్చేసేది. అక్క దూదికి ఆ నూనె అద్ది పంటి మీద పెట్టుకునేది. నాకు మాత్రం చెంచాడు కొబ్బరినూనెలో ఒక్క చుక్క కలిపి, ఒళ్లో కూర్చోబెట్టుకుని వేలితో రాసేది.

పాలలో నీళ్లు కలిపినట్టు నా మందును కల్తీ చేస్తోందనుకున్నాను.

"అక్కకి అసలుది, నాకు కల్తీదా?" అన్నాను.

"నీకదే సాల్లే. నోరు తెరు. మింగీకు, ఉమ్మీ," అంది మామ్మ.

ఆ సీసా కోసం అక్క మీద ఎంత కుళ్లుకున్నానో. బడి మానేశాక లైబ్రరీలో దొరికిందల్లా చదివాను. ఏమీ కలపని లవంగ నూనె చిగుళ్లను కాలుస్తుందనీ, చిన్నపిల్లలు కాస్త మింగినా కాలేయానికి ప్రమాదమనీ అక్కడే తెలుసుకున్నాను.

అదంతా ఇప్పుడు గొప్పగా అక్కకు చెప్పాను. అక్క వాచిన బుగ్గ మీద చెయ్యి వేసుకుని వింది.

"నీ పుస్తకాల్లో ఇంకేటీ లేదేటే? నువ్వు మామ్మ ఒళ్లో కూకుంటే, నాను సీసా అట్టుకుని గుమ్మంలో నిలబడీదాన్ని. ఒక్కసారి నన్నూ పిలుస్తాదేమోనని."

ఆ గుమ్మంలో అక్క నిలబడటం నాకు గుర్తుంది. నేను చూసింది మాత్రం ఆమె చేతిలోని సీసానే.