ముప్ఫై ఒకటో బాణం

ఆయన్ని అందరూ బాణాలాయన అంటారు. విల్లు ఏనాడూ పట్టిన మనిషి కాదు, పట్టగల ఒడ్డూ పొడుగూ కూడా కాదు. అటవీ శాఖలో నడకదారుల విభాగంలో పని. కొండ మీదికి నడిచేవాళ్ళూ సైకిళ్ళు తొక్కేవాళ్ళూ దారి తప్పకుండా చెట్ల మీదా రాళ్ళ మీదా పసుపు బాణాలు వేయడం ఆయన ఇరవయ్యారేళ్ళ ఉద్యోగం.

రంగు పూయడం ఎవరికైనా వస్తుంది, ఎక్కడ పూయాలో తెలియడమే పని అని ఆయన అభిప్రాయం. ముందు ఇనుప బ్రష్షుతో నాచు గీకాలి. రేకు అచ్చు ఆనించి రంగు వేయాలి. ఇరవై అడుగులు వెనక్కి నడిచి, కొత్తవాడి కళ్ళతో చూడాలి. తర్వాత అటు తిరిగి, దిగేవాళ్ళ కోసం ఇంకొకటి వేయాలి. ఎక్కేవాళ్ళకి మాత్రమే బాణాలు వేసి దిగేవాళ్ళని గాలికి వదిలేసే పనివాళ్ళంటే ఆయనకి ఒళ్ళుమంట. అన్నిటికంటే పెద్ద నియమం ఇంకొకటుంది. కదిలే దాని మీద గుర్తు వేయకూడదు. రాయయితే కాలితో తన్ని చూడాలి, భుజం పెట్టి నెట్టి చూడాలి. పిసరంత కదిలినా వదిలేసి ఇంకో రాయి వెతుక్కోవాలి.

ఆయన చేతిలో ఉన్న అయిదు దారుల్లోకీ అందమైనది గట్టు దారి. కొండ వెన్ను మీదుగా పదకొండు కిలోమీటర్లు. ఒక పక్క నది, ఇంకో పక్క అగ్గిపెట్టెల్లా ఇళ్ళు, మధ్యలో ఎప్పుడూ గాలి. మొత్తం నలభై రెండు గుర్తులు. ఆఫీసువాళ్ళు అచ్చేసిన పుస్తకం అట్ట మీద ఆ దారి బొమ్మే ఉంటుంది, బొమ్మలో ఒక మూల ఆయన బాణం కూడా ఉంటుంది. ఇంటికి ఎవరొచ్చినా ఆ పుస్తకం చూపించకుండా కాఫీ ఇచ్చేవాడు కాదు.

రెండేళ్ళ కిందట కుడి మోకాలు మొండికేసింది. మెట్లు ఎక్కితే ఎక్కండి గానీ కొండ సంగతి మరిచిపోండి అన్నాడు డాక్టరు. ఆ ముక్క ఆఫీసులో చెబితే గోదాములో పారలూ తాళ్ళూ అప్పగించే బల్ల వెనక కూర్చోబెడతారు. ఆయనకి మోకాలి నొప్పి కంటే ఆ బల్లంటేనే భయం. అందుకని ఎవరి చెవినా వేయలేదు. కొండ మొదట్లో ఉన్న షెడ్డులో బోర్డులకి రంగులేస్తూ, పైకి వెళ్ళొచ్చినట్టే మాట్లాడుతూ కాలం నెట్టుకొచ్చాడు.

చిక్కల్లా తనిఖీ కాగితంతోనే. నెలకోసారి నలభై రెండు గుర్తులూ చూసి, ఒక్కొక్క అంకె పక్కనా టిక్కు పెట్టి, కింద సంతకం చేయాలి. ఆయన వంటింటి బల్ల ముందు కూర్చుని, కళ్ళు మూసుకుని, ఒక్కొక్క మలుపూ తలుచుకుంటూ టిక్కు పెట్టేవాడు. కళ్ళు మూసుకుని తనిఖీ చేసిన ఉద్యోగి లోకంలో ఆయనొక్కడే కాకపోవచ్చు గానీ, అంత శ్రద్ధగా మూసుకున్నవాడు మాత్రం ఇంకొకడు ఉండడు. చూడకుండా సంతకం ఎలా పెడతారండీ అని భార్య ఒకటి రెండుసార్లు అడిగింది. ఆ కొండ నాకు కొట్టిన పిండి అన్నాడు. కూతురికి మాత్రం చెప్పకు అన్న ఆయన మాట ఆవిడ కాదనలేదు.

ఒక్కతే కూతురు. కళ్ళద్దాల దుకాణంలో పని. ఏడాది కిందట పెళ్ళయింది. అల్లుడు లిఫ్టులు బాగుచేస్తాడు. రోజంతా పైకీ కిందికీ తిరిగే మనిషే గానీ కొండెక్కిన పాపాన పోలేదు. ఒకనాడు కూతురు వచ్చి, ఆదివారం తామిద్దరూ దుకాణంలో స్నేహితులిద్దరూ కలిసి గట్టు దారి నడవబోతున్నామని చెప్పింది. ఆయన నీళ్ళు నమిలాడు. పోయిన నెలంతా వానలు, జారుడుగా ఉంటుంది, నది పక్క దారయితే చదునుగా హాయిగా ఉంటుంది అన్నాడు.

"అదేంటి నాన్నా, నీ దారి మా ఆయనకి చూపించొద్దా? నువ్వు రాకపోయినా నీ బాణాలుంటాయిగా" అంది.

చెప్పాల్సింది అప్పుడే. నేను రెండేళ్ళుగా అటు వెళ్ళలేదు తల్లీ, పైన ఏముందో నాకు తెలీదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. అల్లుడు ఎదురుగా కూర్చుని, ఆ పుస్తకం అట్ట తిప్పి తిప్పి చూస్తున్నాడు. నీళ్ళ సీసాలు రెండేసి పట్టుకెళ్ళండి అని మాత్రం ఆయన అన్నాడు.

ఆదివారం ఏడింటికి ఆ నలుగురూ షెడ్డు ముందునుంచే ఎక్కారు. కూతురు ఎర్ర టోపీ పెట్టుకుంది, మలుపు దాకా చెయ్యి ఊపుతూనే ఉంది. ఎనిమిదిన్నరకి ఒక సైకిలు మనిషి వచ్చాడు. ముందు చక్రం వంకర, మోచేతికి కట్టు. ఆఫీసు మూసి ఉంటే ఇక్కడికి వచ్చానన్నాడు. నిన్న ముప్ఫై ఒకటో గుర్తు దగ్గర బాణం చూపించినవైపే తిప్పాడట, నాలుగు గజాలు పోయేసరికి దారి లేదు, కింద వాగు. పొద పట్టుకుని బతికాడు. జేబులోంచి ఫోను తీసి ఫొటో చూపించాడు.

ఆయన రాయిని గుర్తుపట్టాడు. మూడేళ్ళ కిందట ముప్ఫై ఒకటో గుర్తున్న చెట్టు పడిపోయింది. అప్పుడే చినుకులు మొదలయ్యాయి, రంగు కారిపోతుందన్న తొందర. పక్కన నడుమెత్తు బండ కనిపించింది. కాలితో తన్నాడు, కదల్లేదు. భుజం పెట్టి నెట్టలేదు. ఈ వానలకి కింద మట్టి కోసుకుపోయి బండ పక్కకి తిరిగింది, బాణం దానితో పాటే తిరిగింది. పసుపు రంగు ఎక్కడా చెక్కుచెదరలేదు. ఒక్కసారి పైకి వెళ్ళి ఉంటే చూసేవాడే.

కూతురికి ఫోను చేశాడు. అందలేదు, గట్టు మీద ఎవరి ఫోనూ అందదు. అల్లుడికి చేశాడు, అదే సంగతి. విభాగం అధికారికి చేశాడు. అధికారి ఇంట్లో ఉన్నాడు, ఓపిగ్గానే విన్నాడు.

"పదిహేను రోజుల కిందటే అన్నీ బాగున్నాయని రాసిచ్చారు కదండీ. ఇప్పుడు మీ మాట నమ్మాలా, మీ సంతకం నమ్మాలా?"

"మాటే నమ్మండి సార్. మా అమ్మాయి పైనుంది."

ఇద్దరు మనుషుల్ని పంపిస్తానన్నాడు అధికారి. వాళ్ళు వేరే కొండ దగ్గరున్నారు, వచ్చేసరికి మధ్యాహ్నమవుతుంది. కూతురు వాళ్ళు ముప్ఫై ఒకటికి చేరడానికి మహా అయితే గంట పడుతుంది. మీరు వెళ్ళగలరా అని సైకిలు మనిషిని అడిగాడు. అతను కట్టున్న చెయ్యి ఎత్తి చూపించాడు. అతన్ని అనడానికేముంది.

దాంతో కర్ర పట్టుకుని ఆయనే బయలుదేరాడు. రెండో గుర్తు దాకా మోకాలు ఊరుకుంది. ఏడో గుర్తు వెలిసిపోయి రాయి రంగులో కలిసిపోయింది. తొమ్మిదోది కొత్తగా పెరిగిన కొమ్మ చాటున ఉంది, తెలిసినవాడికి తప్ప కనిపించదు. వీటన్నిటికీ ఇరవై నాలుగు నెలలు ఆయన టిక్కులు పెట్టాడు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి, అయినా సిగ్గుపడటానికి కూడా తీరిక లేదు. పదకొండో గుర్తు దగ్గర మోకాలు ఒక్కసారిగా మడత పడింది. బోర్లా పడి, దేక్కుంటూ వెళ్ళి రాతికి ఆనుకున్నాడు.

వెనకనుంచి సైకిలు మీద ఒకావిడ వస్తే చేతులు అడ్డం పెట్టి ఆపాడు. ముప్ఫై ఒకటి దగ్గర బాణం నమ్మొద్దు, ఎడమకి వెళ్ళాలి, ముందు నలుగురున్నారు, ఎర్ర టోపీ మా అమ్మాయి, అరిచైనా ఆపండమ్మా అని రెండు చేతులూ జోడించాడు. ఆవిడ సరేనంది, సీటు మీంచి లేచి నిలబడి తొక్కుతూ వెళ్ళింది. అప్పటికి తొమ్మిదింబావు దాటింది.

తర్వాత ఆయన చేయగలిగిందేమీ లేదు. రెండుసార్లు లేచాడు, రెండుసార్లూ కూలబడ్డాడు. ఆ కొండ మీద ఎవరు ఏ నిమిషానికి ఎక్కడుంటారో లెక్క కట్టగలడు. ఇప్పుడు ఇరవై ఏడు, ఇప్పుడు ఇరవై తొమ్మిది. ఆ లెక్క ఆపుదామన్నా ఆగలేదు. దారిన పోయేవాళ్ళు ఒకరిద్దరు అలసిపోయారా అని పలకరించి, నవ్వి వెళ్ళిపోయారు.

పదకొండింటికి పైనుంచి పరుగు చప్పుడు వినిపించింది. కూతురు ఒక్కతే వస్తోంది. టోపీ లేదు, మోచేతులు దోక్కుపోయి ఉన్నాయి. తండ్రిని చూడగానే ఆమె మొహంలో ప్రాణం లేచొచ్చింది. ఎవరో చెబితే సాయానికి వచ్చాడనుకుంది.

"వచ్చేశావా నాన్నా. ఆయన వాగులో పడ్డారు. కాలు విరిగినట్టుంది. అరుస్తున్నారు గానీ మాకు కనిపించట్లేదు. ఇప్పుడే ఫోను కలిసింది, అంబులెన్సు వాళ్ళకి చెప్పాను." ఊపిరి పీల్చుకుంది. "ఫోన్లో ముందే దింపుకున్న మ్యాపు దారి ఎడమకి చూపించింది నాన్నా. వాళ్ళు ముగ్గురూ అటే వెళ్దామన్నారు. నేనే ఒప్పుకోలేదు. ఫోను తప్పు చూపిస్తుందేమో గానీ మా నాన్న బాణం తప్పు చూపించదన్నాను. ఆయన సరేనని ముందు నడిచారు."

సైకిలు మీద వెళ్ళినావిడ అక్కడికి చేరేసరికే అంతా అయిపోయిందట. ఆవిడా స్నేహితులిద్దరూ గట్టు మీదే ఉండి అతన్ని మాటల్లో పెడుతున్నారట.

"కిందనుంచి ఆ వాగులోకి దారి ఉండే ఉంటుంది. నీకు తెలుసుగా. పద."

ఆయన లేవలేదు. లేవలేడని ఆమెకి అర్థం కావడానికి కాసేపు పట్టింది.

"నేను రెండేళ్ళుగా పైకి రాలేదమ్మా" అన్నాడు. "కాలు పోయింది. టిక్కులన్నీ ఇంట్లో కూర్చుని పెట్టినవే."

ఆమె అరిచినా బాగుండేది. వాగులోకి దారి ఉందా లేదా అని మాత్రం మెల్లిగా అడిగింది. పన్నెండు దగ్గర కుడివైపు అడ్డదారి ఇరవై నాలుగుకి పోతుంది, అక్కడినుంచి వాగులోకి దిగొచ్చు, రెండేళ్ళ కిందట దిగొచ్చు, ఇప్పుడుందో లేదో తెలీదమ్మా అన్నాడు. ఆమె తన నీళ్ళ సీసా ఆయన పక్కన పెట్టి పైకి నడిచింది.

పన్నెండో గుర్తు ఆయన కూర్చున్న చోటినుంచి ఇరవై అడుగులే. చీలిక దగ్గర చెట్టు మీద, గట్టు దారి బాణం కింద, అడ్డదారికి ఆయన వేసిన ఇంకో పసుపు బాణం కుడికి చూపిస్తోంది. ఆమె ఆగి దాన్ని చూసింది. వెనక్కి తిరిగితే తండ్రి కనిపిస్తాడు, పిలిస్తే పలుకుతాడు. ఆ అడ్డదారిలోంచి ముసలి దంపతులిద్దరు దిగుతుంటే, వాళ్ళకెదురెళ్ళి అడిగింది.

"ఈ బాణం సరిగ్గానే చూపిస్తోందా అండీ?"

వాళ్ళు అవునని తలూపాక, ఆమె కుడికి తిరిగి ఎక్కడం మొదలుపెట్టింది.