చిప్పు బియ్యం డబ్బాలో ఉండగా

దయ్యాల సంగతి ఎవరైనా నా ముందు మొదలుపెడితే నేను ఒకటే అడుగుతాను: చూసింది నువ్వా, చూసినవాళ్ల గురించి విన్నది నువ్వా? సగం మంది అక్కడే ఆగిపోతారు. ఆగని వాళ్లను నేను ఆపుతాను. ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి బతికేదాన్ని. మా వీధిలో ఒకామెకు పూనకం వస్తే, అమ్మవారికి అన్నీ తెలుసు కదా అని ఓమ్ నియమం అడిగి అందరితో తిట్లు తిన్నదాన్ని.

కాబట్టి కింద రాస్తున్నది నాకు ఇష్టమైన విషయం కాదు. దీన్ని ఎవరైనా నాకు చెప్పి ఉంటే కొట్టిపారేసేదాన్ని. కానీ ఇక్కడ చూసింది నేనే.

ప్రత్యేక రాష్ట్రం కోసం పెద్ద సమ్మె నడుస్తున్న రోజులు. కాలేజీ మూతపడింది. బస్సులు డిపో దాటడం లేదు. భూపాలపల్లిలో బొగ్గు బావుల్లోకి ఎవరూ దిగకపోవడంతో కరెంటు ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. మా ఆయన ఉద్యోగం మహబూబాబాద్‌లో. జనం పట్టాల మీద కూర్చుంటే రైళ్లు ఆగిపోయి అక్కడే తమ్ముడి ఇంట్లో ఉండిపోయాడు. భూపాలపల్లి నుంచి వచ్చిన మా సుగుణక్క జనగామలో నా ఇంట్లో చిక్కుకుపోయింది. ఒక్కచోట కూర్చుందామంటే కాలు నిలిచేది కాదు. నినాదాలు వినపడితే గేటు దాకా పోవడం, ఫ్యాను తిరిగితే లోపలికి పరుగెత్తుకు రావడం. ఇద్దరికీ అదే పని.

లోపలికి ఎందుకు పరుగెత్తేదాన్నంటే, వరండాలోని బల్ల మీద నా బోర్డు ఉంది.

ఆ బోర్డును నేను సరదాకు మొదలుపెట్టలేదు. సుగుణక్క కోసమే మొదలుపెట్టాను. మా బావ బొగ్గు బావిలో ఎలక్ట్రీషియన్. ఎనభైల చివర్లో ఒక ఇంజనీరు బదిలీ మీద పోతూ ఆయనకు ఒక చిన్న కంప్యూటర్ ఇచ్చి పోయాడు. టీవీకి తగిలించుకోవాలి. రాసిన ప్రోగ్రాం దాచుకోవాలంటే పాటల క్యాసెట్ మీద రికార్డు చేసుకోవాలి. బావకు అదొక పిచ్చి అయిపోయింది.

ఆ ఏడు అక్క వాళ్ల అత్త చనిపోయింది. ఏడాది తిరిగేదాకా ఇంట్లో పండుగ లేదు, బతుకమ్మ పేర్చకూడదు. అక్క ముఖం చూడలేక బావ, "పూలతోని వద్దంటే వద్దు తీ, నేను గీ టీవీ డబ్బాల పేరుస్త" అన్నాడట. డ్యూటీ దిగి రాగానే ఆ కంప్యూటర్ ముందు కూర్చునేవాడు. చూపించమంటే, "జర ఉన్నది, అయినంక చూద్దువు" అనేవాడు. ఇంతలో ఒక పిడుగుకు ఆ కాలనీలో టీవీలన్నీ కాలిపోయాయి. వాటితో పాటు కంప్యూటర్ కూడా. అలాంటిది మళ్లీ దొరకలేదు. క్యాసెట్ మాత్రం మిగిలింది. తర్వాత కొన్నేళ్లకు బావ గుండెపోటుతో పోయాడు.

బావ పోయిన తర్వాత అక్క బతుకమ్మ పేర్చలేదు. మా వైపు ముత్తయిదువలే పేర్చాలంటారు. ఎవరన్నారని నేను కొట్లాడాను, అక్కే వద్దంది. వీధిలో చప్పట్లు మొదలైతే తలుపు దగ్గరికి వేసుకునేది. సమ్మెకు ముందు ఎండాకాలంలో మాత్రం ఆ క్యాసెట్ తెచ్చి నా చేతిలో పెట్టి, "గిండ్ల ఏమున్నదో ఒక్కసారి చూస్త. నువ్వు పెద్ద చదువు చదివినవు గదా, చెయ్యరాదే" అంది. నన్నెప్పుడూ ఏమీ అడగని మనిషి.

అలా మొదలైంది. ఆ పాత యంత్రం నక్షా ఇంటర్నెట్‌లో దొరికింది. రాగి రేకు అంటించిన పలక మీద తీగల దారులను గోళ్ల రంగుతో గీసి, మిగతా రాగిని మందులో కరిగించాను. నేను బ్రష్‌తో గీస్తుంటే అక్క పక్కన కూర్చుని వెక్కిరించేది. "పెండ్లినాడు గూడ గోర్లకు పెట్టుకోలేదు, గిప్పుడు పలకకు పెడుతున్నవా?" బోలెడు కాళ్లున్న చిప్పులకు ఆమె పెట్టిన పేరు జెర్రులు. అన్నిటికన్నా పెద్ద జెర్రి, కంప్యూటర్ తెలివి మొత్తం ఉండే చిప్పు. నా పాత విద్యార్థి ఒకడు హైదరాబాద్‌లో దాని మీద రాయవలసింది రాసి పంపించాడు. నా దగ్గర ఉన్నది అదొక్కటే.

ఈ చిప్పు గురించి ఒక్క మాట ఇక్కడే చెప్పాలి, తర్వాత ఎవరూ వాదించకుండా. ఆ యంత్రంలో తెర మీద అక్షరం కనపడాలన్నా, నల్ల గడి కనపడాలన్నా, క్యాసెట్ చదవాలన్నా ఆ చిప్పే చేయాలి. అది లేకపోతే మిగతాదంతా రాగి, సీసం, ప్లాస్టిక్. అంతే.

పండుగకు ముందే బోర్డు బతికింది. తెర మీద దాని గుర్తు వచ్చింది, టైపు చేస్తే అక్షరాలు పడ్డాయి. క్యాసెట్ మాత్రం ఎక్కలేదు. ధ్వని ఎక్కువో తక్కువో అయ్యేది, సరిచేసే లోపల కరెంటు పోయేది.

దసరా ముందురోజు ఆయుధపూజ. నేను స్నానం చేసి వచ్చేసరికి అక్క ఇంట్లో ఉన్న పనిముట్లన్నీ కడిగి బొట్లు పెట్టింది. కత్తిపీట, కుట్టుమిషను, మా ఆయన స్కూటరు. ఆ తర్వాత నా బోర్డు. తడి పసుపు కలిపి ప్రతి చిప్పు మీదా రుద్దింది. పెద్ద చిప్పు మీదైతే ఏకంగా బతుకమ్మ మీద గౌరమ్మను చేసినట్టు చిన్న పసుపు ముద్ద నిలబెట్టి, పైన కుంకుమ పెట్టింది. పసుపు నీళ్లు చిప్పు కాళ్ల మధ్యకు కారుతున్నాయి.

నా నోటి సంగతి తెలిసినవాళ్లు ఊహించుకోండి.

అక్క కూడా తగ్గలేదు. "నీ కత్తిపీటకు పెడితే ఊకున్నవు, దీనికి పెడితే ఎందుకు ఒర్రుతున్నవు? గిది నీ పనిముట్టు గాదా?"

"అక్కా, దాంట్ల కరెంటు పారుతది. నీళ్లు పడితే పాడైతది!"

"ఇన్నొద్దులు పూజ లేకనే ఎక్కలేదు గావచ్చు నీ క్యాసెట్టు."

ఇంక మాట్లాడి లాభం లేదు. స్క్రూడ్రైవర్‌తో చిప్పులన్నీ ఒక్కొక్కటిగా పీకి, స్పిరిట్‌తో తుడిచి, ఆరిన వాటిని మళ్లీ బోర్డులో గుచ్చాను. పెద్ద చిప్పుకు పైన చిన్న అద్దపు కిటికీ ఉంటుంది. ఎండ తగిలితే లోపల రాసింది చెరిగిపోతుంది, అందుకని ఆ కిటికీ మీద కాగితం అంటించి ఉంచాను. పసుపు నీళ్లు ఆ కాగితం కిందికి పోయాయి. ఎండలో పెట్టలేను. చెమ్మ లాగుతుందని చిప్పును పలుచని గుడ్డలో చుట్టి, వంటింట్లో బియ్యం డబ్బాలో లోపలికి దూర్చాను. తడిసిన ఫోన్లకు అందరూ చేసే పనే. ఆ గుడ్డను చుట్టిన చేతులు నావే. డబ్బా మూత పెట్టింది నేనే.

ఆ మధ్యాహ్నం కరెంటు వచ్చింది. అదే సమయానికి వీధిలో డప్పులతో ఊరేగింపు వచ్చింది, మెయిన్ రోడ్డు మీదే వండుకుని తిని నిరసన తెలిపే వంటావార్పుకు. అక్క అప్పటికే వరండాలో ఉంది. "కరెంటొచ్చింది, పెట్టు పెట్టు, మళ్ల పోతది" అని ఒకటే తొందర. పొద్దున్న అన్న మాటలకు నాకు లోపల ముల్లులా ఉంది. బోర్డు అట్టపెట్టెలో ఉంది, దాని మూత మీద కీబోర్డు. మూత తీయలేదు. చిప్పు సంగతి నాకు గుర్తే లేదు. టీవీ వేశాను, బోర్డు వేశాను.

తెర మీద గుర్తు వచ్చింది. కమాండ్ టైపు చేసి టేప్ రికార్డర్ నొక్కాను. ఆ క్యాసెట్ గీపెట్టే చప్పుడు, తెర నిండా అడ్డగీతలు. ఇదివరకు అక్కడే ఆగిపోయేది. ఈసారి గీతలు ఆగిపోయి, తెర ఖాళీ అయి, అడుగున ఒక వెడల్పు వరుస పడింది. నల్ల గడులు, తెల్ల గడులు, ఒకటి విడిచి ఒకటి. దాని మీద ఇంకొక వరుస, కొంచెం చిన్నది. మెల్లగా, ఒక్కొక్క గడి, చేత్తో పేర్చినట్టే.

అక్క వరుస పడ్డప్పుడల్లా తల ఊపుతోంది. మధ్యలో ఒకసారి, "గునుగు, తంగేడు, గునుగు" అని పూల పేర్లు గొణిగింది. వరుసలు సన్నబడుతూ పైకి పోయి, చివర ఒక చిన్న కొన నిలబడింది. గౌరమ్మ. అక్కడ ఆగింది.

అప్పుడే మా పక్కింటి కిరాణా కొట్టు ఆమె చేతిలో గంపతో వచ్చింది. వంటావార్పుకు ఇంటింటికీ తిరిగి బియ్యం అడుగుతోంది. గుమ్మంలో నిలబడి తెర వంక చూసి, "అబ్బ, బతుకమ్మ మస్తు మంచిగున్నది. ఏ ఛానెల్ల వస్తున్నది టీచరమ్మా? మా ఇంట్ల అన్నీ సమ్మె వార్తలే" అంది.

ఈ మాట నేను కల్పించలేదు. తర్వాత ఆమెను చాలాసార్లు అడిగాను. ప్రతిసారీ అదే చెప్పింది. చివరికి విసుగొచ్చి, "ఎన్నిసార్లు అడుగుతవమ్మా, పోలీసోళ్ల లెక్క" అంది.

అక్క కళ్లు తుడుచుకుంది. అప్పుడే కరెంటు పోయింది. తెర మధ్యలో చుక్క మిగిలి, అదీ పోయింది. "పోనీ, చూసిన గదా" అని అక్క లేచి బియ్యం తేవడానికి వంటింట్లోకి పోయింది. కిరాణా ఆమె, నేను వెనకే పోయాం. అక్క గ్లాసు ముంచి తీసింది. గ్లాసులో బియ్యంతో పాటు గుడ్డ మూట వచ్చింది.

"ఏందే గిది, నీ పెద్ద జెర్రి గీడనే ఉన్నది?"

నేను వెంటనే వరండాకు పోయి అట్టపెట్టె మూత తీశాను. పెద్ద చిప్పు ఉండవలసిన చోటు ఖాళీగా ఉంది. రంధ్రాల అంచుల్లో ఎండిన పసుపు ఉంది. అంతే.

ఇక మీ ప్రశ్నలు. అవన్నీ నన్ను నేనే వేసుకున్నాను. అక్క తీసి బియ్యంలో పెట్టిందా? తెర వెలిగినప్పటి నుంచి గుడ్డ బయటికి వచ్చేదాకా అక్క నా కళ్ల ముందే ఉంది. ఆ చిప్పును పీకాలంటే స్క్రూడ్రైవర్ కావాలి, అది నా ఒళ్లోనే ఉంది. ఇంకొక చిప్పు ఉందా? లేదు. టీవీలో ఏదైనా ఛానెల్ పట్టిందా? ఆ డబ్బా టీవీకి కేబుల్ లేదు, యాంటెన్నా విరిగిపోయింది. ఇద్దరం ఊహించుకున్నామా? అయితే గంప పట్టుకొచ్చిన మనిషి ఏం చూసింది? ఒక్క విషయంలోనే మా సాక్ష్యాలు కలవవు. చివరి కొన పసుపుపచ్చగా ఉందని అక్క అంటుంది. అది బ్లాక్ అండ్ వైట్ టీవీ అని నేను అంటాను. దాని మీద ఇప్పటికీ కొట్లాడుకుంటాం.

సాయంత్రం కరెంటు వచ్చింది. ఆరిన చిప్పును దాని చోట గుచ్చి, అన్నీ సరిచూసి, మళ్లీ వేశాను. క్యాసెట్ చక్కగా ఎక్కింది. అడుగున వరుస పడింది, దాని మీద ఇంకొకటి, ఇంకొకటి. సగం దాకా వచ్చి ఆగిపోయింది. తెర మూలన చిన్న తప్పు గుర్తు. మళ్లీ వేశాను. అదే చోట ఆగింది. అప్పుడు బావ రాసిన ప్రోగ్రామును తెర మీదికి తెచ్చి పై నుంచి కింది దాకా చదివాను. పై వరుసలకు లైన్లు లేవు. గౌరమ్మకు లైను లేదు. బావ ఎన్నడూ పూర్తి చేయలేదు.

అక్కకు చెప్పాలా వద్దా అని కాసేపు తిరిగాను. చివరికి చెప్పాను. ఆమె బియ్యం ఏరుతూ తల కూడా ఎత్తలేదు. "జర ఉన్నదన్నడు గదా. అయిపోయింది తీ" అంది.

మరుసటి ఏడు భూపాలపల్లిలో తన వాకిట్లో అక్క బతుకమ్మ పేర్చింది. ఎవరేమన్నా పట్టించుకోలేదు.

నేను మాత్రం పట్టించుకుంటూనే ఉన్నాను. ప్రయోగం అన్నాక మళ్లీ చేసి చూడాలి. రాష్ట్రం వచ్చింది, ఆ వరండా పోయి గది అయింది, బోర్డు మాత్రం నా బీరువాలోనే ఉంది. ప్రతి ఏడు పండుగకు చిప్పు పీకి, బియ్యం డబ్బాలో పెట్టి, అదే టీవీకి తగిలించి వేస్తాను. తెర మీద ఏమీ రాదు. రాకూడదు కూడా. ఇందులో ఎక్కడ ఏం జరిగిందో ఇప్పటికీ నాకు తెలియదు, తెలిసినట్టు నటించను.

ఈసారి కూడా ఫోన్‌లో అక్కకు ఆ మాటే చెప్పాను. నవ్వింది.

"పసుపు పెట్టినవా?"

"లేదు."

"మరి ఎట్లొస్తది? మొదాలు ఎట్ల చేసినమో అన్నీ గట్లనే ఉండాలె, లేకుంటే ప్రయోగమే గాదని పోరగాండ్లకు నువ్వే చెప్తవు గదనే."

ఆ మాటలో తప్పు లేదు. పసుపు వంటింట్లోనే ఉంది, చేతికి అందేంత దూరంలో. నేను ఇంకా పెట్టలేదు.